నాయన ఎత్తిన పాట

మా నాయన గొంతు ఎత్తితే తప్ప మా గుడిలో ఆదివారం మొదలయ్యేది కాదు. గుడి అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఉప్పల్‌లో మా వాడ చివర నాలుగు గోడలు, పైన సిమెంటు రేకులు, కింద జంపఖానా. ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు, మధ్యలో మనిషి నడిచేంత దారి. ముందర ఒక బల్ల, దాని వెనక అయ్యగారు. మా దగ్గర పాస్టరుగారిని అయ్యగారనే పిలుస్తారు. హార్మోనియం కొనే స్తోమత మాకు లేదు. ఒక తబలా జత ఉండేది. దాన్ని రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసే మామ వాయించేవాడు. నాకు వరసకు ఆయన ఏమీ కాడు, వాడలో అందరికీ ఆయన మామే. తబలా ఉన్నా లేకున్నా, శృతి మాత్రం నాయన గొంతులోంచే రావాలి.

ఆయన లేచి నిలబడి, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి కొద్దిగా పైకి లేపి మొదటి మాట అందుకునేవాడు. ఆ మాట గాలిలో ఉండగానే మామ తబలా కలిపేవాడు. ఆ వెనకే అరవై డెబ్బై గొంతులు. దీన్నే మేం పాట ఎత్తడం అంటాం. ఘట్‌కేసర్ అవతల మా ఊళ్లో మా తాత పాట ఎత్తేవాడట. తాత పోయాక నాయన ఎత్తాడు. ఆ తర్వాత పని వెతుక్కుంటూ ఉప్పల్ వస్తే ఇక్కడ కూడా మొదటి ఆదివారమే ఆయన చేతికి పాట ఇచ్చారు. మాకు భూమి లేదు, పుట్ర లేదు. మా ఇంటికి ఉన్న హోదా అంతా ఆ మొదటి మాటలోనే ఉంది. నాకది చిన్నప్పుడే తెలుసు కాబట్టి ఆడవాళ్ల వరసలో అందరికంటే ముందు కూర్చునేదాన్ని.

మిగిలిన ఆరు రోజులు నాయన పని నాచారంలో, ఒక ట్యాంకుల కార్ఖానాలో. పొద్దున్నే సైకిలెక్కి ద్రాక్షతోటల పక్కనుంచి పోయేవాడు. నీళ్ల ట్యాంకులు, నూనె ట్యాంకులు అక్కడ తయారయ్యేవి. ఇనుప రేకులకు బెజ్జాలు వేసి, రివెట్లనే ఇనుప చీలలు కాల్చి దూర్చి, సమ్మెటతో కొట్టి బిగించేవాళ్లు. బయట ఒకడు కొడితే, లోపల ఒకడు ఆ రివెట్టు తలకు ఇనుప దిమ్మె ఆనించి గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే దెబ్బకు రివెట్టు వెనక్కి జారిపోతుంది. నాయన పొట్టి మనిషి, సన్నటి మనిషి. ట్యాంకు మూతిలోంచి సులువుగా దూరేవాడు. అందుకని లోపల పట్టుకునే పని ఆయనకు పడింది. బయట కొట్టేవాడికి చప్పుడు గాలిలో పోతుంది. లోపల కూర్చున్నవాడికి అది ఎటు పోతుంది? చెవుల్లో దూది పెట్టుకునేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ దూది తీసి మా అమ్మ చేతికిస్తే అది నల్లగా ఉండేది. పదేళ్లు అలా పట్టాడు.

చెవులు పోతున్నాయని మాకు ముందు తెలియలేదు. మా అమ్మ నోరు మంచిది కాదు, మనసు వెన్న అని చెప్పుకోవడం మా ఇంటి ఆనవాయితీ. ఆ నోటికి నాయన కూడా దీటుగానే జవాబిచ్చేవాడు. అలాంటిది కొన్నాళ్లుగా అమ్మ ఎన్ని అన్నా ఆయన తలొంచుకుని నవ్వుతూ అన్నం తింటున్నాడు.

"మా ఇంటాయన మారుమనసు పొందిండు. ఎంత తిట్టినా నవ్వుతుండు" అని అమ్మ వాడంతా చెప్పుకుంది. మురిసిపోయింది కూడా.

ఒకరోజు పొద్దున నాయన గడప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన వెనకే అమ్మ చేతిలోంచి నీళ్ల బిందె జారి బండల మీద పడింది. పక్కింటివాళ్లు ఏమైందేమైందని పరుగెత్తుకొచ్చారు. నాయన వెనక్కి తిరగలేదు. నింపాదిగా రెండో చెంప గీసుకుంటున్నాడు. కారిన నీళ్లు ఆయన కిందికి వచ్చి లుంగీ తడిస్తే అప్పుడు చూశాడు. అమ్మ ఆ నీళ్లలోనే కూలబడింది. మారుమనసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూశాడు, రకరకాల పరీక్షలు చేశాడు. చివరికి లోపలి నరం చచ్చిందని, మందు లేదని చెప్పాడు. ఆ మాట నేను కాగితం మీద రాసి చూపిస్తే నాయన నెమ్మదిగా చదివి నా చేతికే తిరిగి ఇచ్చాడు.

"డాక్టరు మాట డాక్టరు జెప్పిండు. దేవుడు ఇంక జెప్పలే గదా" అన్నాడు.

మహిమలు చదవాలని ఈ కథ పట్టుకున్నవాళ్లకు ముందే చెప్తున్నాను. ఆ చెవులు రాలేదు. ఆయన పోయేదాకా రాలేదు. నేను చెప్పదలచింది వేరే సంగతి.

ఆ రోజు నుంచి నాయన పొద్దున ఇంకొంచెం ముందు లేచేవాడు. గోడవైపు తిరిగి చాప మీద మోకరించి, రెండు చేతులూ రెండు చెవుల మీద పెట్టుకుని ప్రార్థన చేసేవాడు. ముగించాక గూట్లోంచి గడియారం తీసి ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి ఆనించుకుని చూసేవాడు. మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. అమ్మ కళ్లతోనే అడిగేది.

"ఇంక లే" అనేవాడు, ఇంకా రాలేదని. గడియారానికి కీ తిప్పి, గూట్లో పెట్టి, పనికి పోయేవాడు.

ఆ 'ఇంక' అనే మాట నాకు ఒళ్లు మండించేది. లేదంటే లేదని చెప్పొచ్చు కదా! నాకప్పుడు పద్నాలుగేళ్లు, ముక్కు మీద కోపం. అడిగినది వెంటనే ఇవ్వని వాళ్లంటే నాకు పడదు, ఆ వరసలో దేవుడు కూడా ఉన్నాడు. నాయన మాత్రం ఏనాడూ విసుక్కోలేదు. చెవులు పోయినందుకు కార్ఖానా పని కూడా పోతుందేమో అని ఎవరో అన్నది నేను రాసి చూపిస్తే నవ్వి, లోపల కూర్చునేవాడికి చెవులతో పనేముందన్నాడు. ఆయన భయం దాని గురించి కాదు. ఒకరోజు అమ్మతో గట్టిగా, చెవిటివాళ్లు గుసగుసలాడుతున్నామనుకుని మాట్లాడేంత గట్టిగా అన్నాడు.

"పాట పోతే నేనేం జెయ్యాలె? నాకింకేం ఒస్తది?"

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పాట నిజంగానే పోతూ వచ్చింది. ఒక ఆదివారం అయ్యగారు ప్రార్థన మధ్యలో ఉన్నారు. కళ్లు మూసుకుని ఉన్న నాయన ప్రార్థన అయిపోయిందనుకుని లేచి పాట ఎత్తాడు. ఇంకోసారి అందరూ చరణంలోకి పోయినా ఆయన ఇంకా పల్లవే పాడుతున్నాడు. శృతి వారం వారం పైకి పోతోంది. మా ఆడవాళ్లు దాన్ని అందుకోలేక కోళ్లలా అరిచేవాళ్లు. వెనక కూర్చున్న పిల్లలు నవ్వేవాళ్లు. కళ్లు తెరిచినప్పుడు ఆయన ముందర కొన్ని నోళ్లు మూసి, కొన్ని తెరిచి, ఎవరి పాట వాళ్లది అయ్యేది. ఆయన ముఖం పాలిపోయేది. నేను ముందు వరస వదిలి గోడ పక్కకు జరిగాను. ఎవరి కూతురినో తెలియకుండా ఉంటే బాగుండుననిపించేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు ఆయనను చూసి సిగ్గుపడ్డాను.

మా కాపురాలన్నీ వంతులవారీగా బుధవారం సాయంత్రం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థనకు కూడేవి. దాన్ని కూటం అంటాం. ఒక బుధవారం నాయనకు కార్ఖానాలో పని ఎక్కువై రాలేదు. అమ్మా నేనూ వెళ్లాం. ప్రార్థన అయ్యాక ఒకాయన నసుగుతూ అసలు సంగతి ఎత్తాడు. కాలేజీ చదివే పిల్లవాడు ఒకడున్నాడు, హార్మోనియం వచ్చు, పాటలు వాడికిస్తే ఎలా ఉంటుందని. అందరూ నేలచూపులు చూశారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తబలా మామ అన్నాడు. "ఇన్నేండ్లు మనం ఆయన ఎనకనే పాడితిమి. ఇప్పుడు ఆయన మనదిక్కు రాలేడు. మనమే ఆయనదిక్కు పోదాం."

"ఎట్ల పోతం?" అన్నారెవరో.

"నా చెయ్యి సూడున్రి. ఆయన గొంతు నేను సూస్త. ఆయన ఏ శృతిల ఎత్తితే అదే శృతి. రెండుసార్లు పాడితే రెండుసార్లు. తప్పు పాడితే తప్పే పాడుదాం. మనకేమన్న రేడియోల పాడేదున్నదా?"

అందరూ అయ్యగారివైపు చూశారు. గుడిలో ఇలా చేయవచ్చునా అని ఆయన ముఖంలో ఒక అనుమానం వచ్చి పోయింది. కాసేపు గడ్డం నిమురుకుని, ప్రార్థన చేద్దాం అన్నారు. జవాబు తెలియనప్పుడల్లా ఆయన అదే అనేవారు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మా గుడి అంతా మా నాయన వెంట నడిచింది. ఎలా నేర్చుకున్నారో నాకిప్పటికీ ఆశ్చర్యమే. మామ చూపు నాయన గొంతు మీద, మగవాళ్ల చూపు మామ చేతి మీద, ఆడవాళ్ల చూపు మా అమ్మ మోకాలి మీద తట్టే వేళ్ల మీద. ఆయన మూడోసారి పల్లవి ఎత్తుకుంటే అరవై మందీ మూడోసారి ఎత్తుకునేవాళ్లు. ఆయన ఒక చరణం మింగేస్తే అందరూ మింగేసేవాళ్లు. ఒకసారి అయ్యగారు చెప్పిన పాట ఏదో అర్థం కాక, ఏప్రిల్ నెల ఎండలో క్రిస్మస్ పాట అందుకున్నాడు. రేకుల కింద చెమటలు కక్కుతూ, పశువుల పాకనూ చలిరాత్రినీ అందరూ చివరిదాకా పాడారు. మల్లాపూర్ నుంచి కొత్తగా వచ్చిన దంపతులు ఏ గుడికి వచ్చామా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కనున్న పెద్దామె మోచేత్తో పొడిస్తే వాళ్లూ పాడారు. పిల్లలు కూడా నవ్వడం మానేశారు. ఎవరూ వాళ్లను బెదిరించినట్టు నాకు తెలియదు.

నాయన ముఖంలోకి మళ్లీ రంగు వచ్చింది. అన్నం బాగా తిన్నాడు. అమ్మతో మళ్లీ పోట్లాట పెట్టుకున్నాడు, ఆమె ఏమన్నదో తెలియకుండానే. ఎనిమిది నెలలు అలా గడిచాయి. అంతా బాగుందనుకున్నాం.

తర్వాత ఆ ఆదివారం వచ్చింది. బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక అయ్యగారు సాక్ష్యాలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మావాళ్లలో అదొక గట్టి కట్టుబాటు. దేవుడి దగ్గర మేలు పొందినవాడు లేచి నలుగురిలో చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే దొంగతనం కింద లెక్క. బర్రె ఈనినా, పిల్లవాడు పరీక్ష పాసైనా చెప్తారు. నాయన లేచాడు.

"అందరికి వందనాలు. నా చెవుల సంగతి మీ అందరికి ఎర్కే. నరం సచ్చిందని డాక్టరు జెప్పిండు. ఇంట్ల గడియారం నాకు ఇంక ఇనవడ్తలేదు. నా బిడ్డ మాట ఇనవడ్తలేదు. గని గుళ్లెకొచ్చి పాట ఎత్తితే మాత్రం నేను తప్పుతలేను. ముందు నేనొక దిక్కు, మీరొక దిక్కు పోతుంటిరి. ఇప్పుడు నేను కండ్లు తెరిచి సూస్తే మీ అందరి నోరు నాతోటే ఉంటున్నది. దేవుడు నా పాట మట్టుకు నాకు తిరిగిచ్చిండు. మిగిలింది గూడ ఇస్తడు. స్తోత్రం."

ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరు సాక్ష్యం చెప్పినా గుడి అంతా స్తోత్రం అంటుంది, అది అలవాటు. ఆ రోజు ఒక్కరూ అనలేదు. మామ తబలా మీద ఏదో పడ్డట్టు దానివైపే చూస్తున్నాడు. చివరికి అయ్యగారు, ప్రార్థన చేద్దాం అన్నారు. ఆ మౌనం నాయనకు వినపడలేదు. ఆయన చెమ్మగిల్లిన ముఖంతో హాయిగా కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఉప్పల్ చౌరస్తా నుంచి జిలేబీ తెచ్చాడు. వచ్చే ఆదివారం మా ఊరికి పోయి, తాత పాట ఎత్తిన గుడిలో ఈ సాక్ష్యం చెప్తానన్నాడు. అక్కడ పాట కూడా ఎత్తుతానన్నాడు. అమ్మ చేతిలో జిలేబీ అలాగే ఉండిపోయింది. ఊళ్లో వాళ్లకు మా ఏర్పాటు తెలియదు. వాళ్లు వాళ్ల శృతిలో పాడతారు. తాత గుడిలో, చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ల ముందర, దేవుడు పాట తిరిగిచ్చాడని చెప్పి ఆయన నవ్వులపాలవుతాడు. అంతకంటే భయం వేరే ఉంది. దేవుడు ఇచ్చాడనుకున్నది దేవుడు ఇవ్వలేదని తెలిస్తే, ఆ మరుసటి పొద్దున ఆయన చాప మీద మోకరిస్తాడా?

"నువ్వు జెప్పు" అన్నాను అమ్మతో.

"నాతోటి గాదు బిడ్డా. నా నోటికి రాదు" అంది. ఊరందరినీ ఏకిపారేసే నోరు అది.

శుక్రవారం అయ్యగారు వచ్చారు. చెప్పడానికే వచ్చారని నాకు తెలుసు. చాయ్ తాగారు. నాయన సైకిల్ చూసి చెయ్యి ఊపి బాగుందన్నారు. ప్రార్థన చేసి వెళ్లిపోయారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దవాళ్లంతా పిరికివాళ్లే! ఎనిమిది నెలలు గుడిలో నిలబడి అబద్ధం పాడారు, ఇప్పుడు నిజం చెప్పడానికి ఒక్కరికీ నోరు లేదు. నిజం అంటే నాకు అంత ప్రేమ ఉందని అప్పుడు నమ్మాను. అందులో సగం నా కోపమే.

శనివారం సాయంత్రం నాయన పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టింది. నేను నోటుపుస్తకం తెరిచి రాసి ఆయన ముందు పెట్టాను. 'నాయినా, నీ పాట రాలేదు. నువ్వు తప్పు పాడితే మేమందరం నీ వెంట తప్పు పాడుతున్నం.'

వాక్యం చదివినట్టే పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఎన్ని దినాల సంది?"

ఎనిమిది వేళ్లు చూపించి, నెలలు అన్నాను. నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"అందరా?"

తల ఊపాను.

"అయ్యగారు గూడనా?"

తల ఊపాను.

"ఎవలన్న నవ్విన్రా?"

ముందు నవ్వారని, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదని రాశాను. ఆ కాగితం చింపి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నం తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. నేను ఏడ్చాను. అమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది.

పొద్దున ఆయన చాప మీద మోకరించాడు కానీ చేతులు చెవుల మీద పెట్టుకోలేదు. రెండు చేతులూ నేల మీద ఆనించి, ఎంతోసేపు ఉన్నాడు. పెదాలు గట్టిగా కదులుతున్నాయి. ప్రార్థన చేసినట్టు లేదు, పోట్లాడినట్టుంది. గడియారం ముట్టుకోలేదు. ఊరికి పోయే మాట ఎత్తలేదు. స్నానం చేసి మాతోపాటు గుడికి వచ్చాడు, వచ్చి మగవాళ్లలో అందరికంటే వెనక, ఆలస్యంగా వచ్చినవాళ్లు కూర్చునే చోట తలుపు పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

అయ్యగారు ముందు ప్రార్థన చేసి, పాట పాడదాం అన్నారు.

ఎవరూ ఎత్తలేదు. అయ్యగారి గొంతు మంచిదే, ఆయనా ఎత్తలేదు. హార్మోనియం వచ్చిన పిల్లవాడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మామ చేతులు తబలా మీద లేవు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. బయట బస్సు పోయిన చప్పుడు, రేకుల మీద పిచ్చుకల చప్పుడు. ఒక చిన్నపిల్ల మంచినీళ్లడిగితే తల్లి దాని నోరు మూసింది. అన్నం ఒక పొంగు వచ్చేంతసేపు మా గుడి అలా కూర్చుంది. నేను వాళ్లను పిరికివాళ్లనుకున్నాను.

పాట నడుస్తోందనుకుని తల దించుకున్న నాయన ఒకసారి తలెత్తాడు. ఏ నోరూ కదలడం లేదు. పక్కన కూర్చున్న ముసలాయన భుజం తట్టి, తన మామూలు గట్టి గొంతుతో అడిగాడు.

"ఏమైంది? పాడుతలేరేంది?"

ముసలాయన నాయన గుండె మీద వేలు పెట్టి చూపించాడు.

నాయన లేచి, మధ్యదారిలో నడుచుకుంటూ ముందుకు వచ్చి, మావైపు తిరిగి నిలబడ్డాడు.

"పోయిన ఐతారం నేను జెప్పిన సాక్ష్యం తప్పు" అన్నాడు. "చెవులు రాలే. పాట గూడ రాలే. మీరందరు నా ఎనక నడిసిన్రు, నాకు ఎర్కలే. పొద్దుగాల దేవునితోటి కొట్లాడిన. ఇన్ని దినాలు అడిగితే నాకేమిచ్చినవని అడిగిన. ఇంక నిన్ను అడుగనన్న. గుళ్లెకొచ్చి ఆ మూలకు కూసున్న." ఆగాడు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మీరేమో పాడకపోతిరి."

అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"మల్ల అడుగుత" అన్నాడు నాయన. "ఇచ్చేదాక అడుగుత. నాకు తొందరేం లేదు. గని దేవుని పాట తప్పు పాడొద్దు. నాకోసం గూడ పాడొద్దు." ఆడవాళ్లవైపు చూసి, గోడ పక్కనున్న నన్ను వెతికి పట్టుకున్నాడు. "బిడ్డా, ఇటు రా."

మా గుడిలో ఆడపిల్ల ఆ మధ్యదారి దాటి మగవాళ్లవైపు పోవడం ఎన్నడూ లేదు. అయ్యగారి ముఖం చూశాను. రమ్మని తల ఊపారు. నేను పోయి నాయన పక్కన నిలబడ్డాను. ఆయన తన కుడిచెయ్యి నా చేతిలో పెట్టాడు. పదేళ్లు ఇనుప దిమ్మె పట్టిన చెయ్యి, అరచెయ్యి అంతా కాయలు కాసి ఉంది.

"నేను ఎత్తుత. తప్పితే నొక్కు. నొక్కితే ఆపి మల్ల ఎత్తుత" అన్నాడు.

ఎత్తాడు. అందరికీ వచ్చిన నెమ్మదైన పాటే. ఈసారి కళ్లు మూసుకోలేదు. మామ తబలా కలిపాడు, గుడి అందుకుంది. పల్లవి సరిగ్గా పోయింది. మొదటి చరణం సరిగ్గా పోయింది. రెండో చరణంలో ఆయన గొంతు పక్కకు జరిగింది. నాకు తెలిసిపోయింది. మామకు తెలిసిపోయింది, ఆయన చెయ్యి ఒక్క క్షణం తబలా మీద గాలిలో ఆగి, అలవాటుకొద్దీ నాయన వెంటే పోయింది. అందరూ అలవాటుకొద్దీ ఆయన వెంటే పోయారు. నేను నొక్కాలి. నిజం చెప్పని వాళ్లందరి మీదా మండిపడ్డదాన్ని నేనే. ఎత్తుకున్న పాటతో వెలిగిపోతున్న ఆ ముఖం చూస్తూ నా వేళ్లు కదలలేదు. నేను కూడా ఆయన వెంట తప్పు పాడాను.

నాయన చూపు మామ చేతుల మీదే ఉంది. ఆ చెయ్యి ఆగడం ఆయన చూశాడు. పాట ఆపాడు. గుడి అంతా ఆగింది.

"తప్పిననా?" అని నన్ను అడిగాడు.

తల ఊపాను.

"మరి ఎందుకు నొక్కలే?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన వంగి, నా ముఖానికి దగ్గరగా వచ్చి, గుసగుస అనుకుని గుడి మొత్తానికి వినపడేలా అన్నాడు.

"నొక్కు బిడ్డా. నాకేం గాదు."

మళ్లీ రెండో చరణం ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే తప్పాడు. నొక్కాను.